ముందు మోగిన తప్పెట

నెమలికొండ దుర్గానికి మూడు వైపులా నిట్టనిలువు బండ. నాలుగో వైపున, అంబారీ ఏనుగులు ఎదురెదురుగా వచ్చినా ఒరుసుకోకుండా సాగిపోగల రాచబాట; ఆ బాట మొగదల ఇనుపమేకులు దిగవేసిన మహాద్వారం; ఆ ద్వారం నెత్తిన, మబ్బు పట్టిన నాడు పురి విప్పుతుందేమో అనిపించే రాతినెమలి. మామూలు వేసవిలోనైతే ఆ బాట నిండా ఉప్పు పెరికెలు మోసే ఎడ్లూ, పట్టు బేహారుల గుర్రాలూ, తీర్థానికి పోయే పల్లకీలూ కిక్కిరిసి ఉండేవి. ఆ ఏటి వేసవిలో దాని మీద కుక్క కూడా నడవలేదు. దిగువ మైదానంలో, ఏటిగట్టు పొడుగునా, పడమటి దేశాధిపతి ఉద్దండరాయని గుడారాలు వెలిశాయి. పొద్దున్నే ఆ గుడారాల మధ్య లేచే పొయ్యిల పొగను పైనుంచి చూసి, కోటగోడ మీది కావలి భటులు గాలిలో వాసన పట్టి, ఇవాళ కింద వాళ్లు ఏం వండుకుంటున్నారో ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. సన్నబియ్యమని ఒకడంటే, కాదు, నేతిలో వేయించిన పెసరపప్పు కూడా ఉందని ఇంకొకడు వాదించేవాడు. తిండి సాగని కోటలో మనుషులకు అంతకంటే గొప్ప కాలక్షేపం ఏముంటుంది?

ఆ మాటలు వింటూ గోడ మీద నిత్యం తిరిగేవాడు దామయనాయకుడు. నెమలికొండ సర్వసేనాని. నెరిసిన మీసాలు, ఎడమ భుజం మీద పాత గాయపు మచ్చ, మెడలో రుద్రాక్షల పేరు. ముట్టడి మొదలైన కొత్తలో అతని ఒక్కగానొక్క కొడుకు మారయ గుర్రపుదళాన్ని వెంటబెట్టుకుని శత్రువు మీదికి దూకాడు. మహాద్వారం తెరిచే ముందు బురుజు మీది యుద్ధభేరిని మోగించడం నెమలికొండ ఆచారం. మోగించమని ఆనతి ఇచ్చింది స్వయంగా తండ్రే. ఆ భేరి మోత చల్లారేలోగా దిగువన శత్రువుల బల్లేలు బారులు తీరాయి. మారయ తిరిగి రాలేదు. ఇంట్లో అతని భార్య కామసాని అప్పటికి పచ్చి బాలింత. ఆ రోజు నుంచి దామయనాయకుడు భేరి ఉన్న బురుజు మెట్లు ఎక్కడం మానేశాడు.

ఇక రాజు. కేతభూపతి వయసులో చిన్నవాడు, మాటలో మెత్తనివాడు, తాతగారి పేరు చెబితే కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. కొండ పైన రెండే మార్గాలున్నాయని అతనికి తెలుసు. భటులలో సత్తువ ఉండగానే ద్వారం తెరిచి తేల్చుకోవడం ఒకటి. తొలకరి దాకా తలుపులు బిగించుకుని కూర్చోవడం రెండోది. ఏరు పొంగిందంటే గట్టు మీది గుడారాలు కొట్టుకుపోక తప్పదు, ఉద్దండరాయడు మూటాముల్లే సర్దుకోకా తప్పదు. అయితే అప్పటిదాకా తినడానికి ఉండాలి. కొండ కడుపులో తొలిచిన పాతరలు, అంటే నేలలోపలి ధాన్యపు కొట్లు, నిండుగా ఉంటే కూర్చోవచ్చు. ఖాళీగా ఉంటే కూర్చున్న ప్రతి పూటా చావుకు దగ్గర. అంతా ఆ పాతరల మీదే నిలిచి ఉంది.

"నిండుగా ఉన్నాయి ప్రభూ" అని మహామంత్రి విద్దనమంత్రి విన్నవించాడు. "ఆ చింత సేవకుడికి వదలండి."

విద్దనమంత్రి గొంతు ఎన్నడూ పెంచేవాడు కాడు. ప్రజలు పలుచని జావ తాగుతుంటే తనకు ముద్ద దిగడం లేదనీ, అందుకే ఒంటిపూట భోజనంతో సరిపెట్టుకుంటున్నాననీ కొలువులో చెప్పి కన్నీరు తుడుచుకునేవాడు. ఆయన బుగ్గలకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. అవి ఎప్పటిలాగే నిగనిగలాడుతుండేవి.

భటుల జావ పూటపూటకూ నీళ్లవుతుండడం చూసి దామయనాయకుడు పాతరలు తనిఖీ చేస్తానని రాజును అడిగాడు. రాజు సరేనన్నాడు. మంత్రి ఇంకా సంతోషంగా సరేనన్నాడు.

"తప్పక చూడండి సేనానీ. శాసనం ప్రకారం ముందు చాటింపు వేయిస్తాను."

ఆ శాసనం సంగతి చెప్పకపోతే ఈ కథ ముందుకు నడవదు. కేతభూపతి తాతగారి కాలంలో ఒక అధికారి, దొంగసొత్తు దాచారన్న అనుమానంతో, ఒక గృహస్థు ఇంట్లోకి చెప్పాపెట్టకుండా జొరబడ్డాడు. లోపల పురిటిమంచం మీద బాలింత. దూసిన కత్తులు చూసి ఆ పిల్లకు గుండె ఆగిపోయింది. సొత్తూ దొరకలేదు, పాడూ దొరకలేదు. ముసలిరాజు ఆ ఇంటి ముందు మట్టిలో కూర్చుని ఏడ్చాడట. ఏడ్చి ఊరుకోలేదు, మహాద్వారం పక్కన రాతి మీద చెక్కించాడు: 'ముందు చాటించక ఎవరి గడపా తొక్కరాదు. తొక్కినవాడిని ఈ ద్వారం వెలుపల విడిచి తలుపు మూయవలెను.' ఆ రాతి మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తేనే నెమలికొండలో కిరీటం. మంచి మనసులో పుట్టిన మాట అది. దాన్ని ఇళ్ల గడపల నుంచి రాచపాతరల మూతల దాకా సాగదీసింది మాత్రం విద్దనమంత్రి. సాగదీసిన నాడు అందులో తప్పు పట్టాలని ఎవరికీ తోచలేదు.

చాటింపు వేసేవాడు ఓబయ. తప్పెట మీద అతని పుల్ల పడిందంటే కొండ నాలుగు చెరగులా వినబడేది. తన గొంతంటే ఓబయకు మహా గర్వం.

"వస్తున్నారహో! సేనానివారు తూర్పు పాతరలు చూడ వస్తున్నారహో! రేపు పొద్దెక్కేసరికి ఎవరి పనిలో వారు ఉండవలెనహో!"

మర్నాడు దామయనాయకుడు వెళ్లేసరికి తూర్పు పాతరల దగ్గర పండగ వాతావరణం. దారి ఊడ్చి నీళ్లు చల్లారు. పాతరల మూతలు పేడతో అలికి పైన ముగ్గులు పెట్టారు. అలుకు ఇంకా తడిగానే ఉంది. "తమరి రాక కోసమే అలికించాము" అన్నాడు కొఠారు అధికారి, మెలికలు తిరుగుతూ. మూత తీస్తే అంచు దాకా ధాన్యం. దామయనాయకుడు వంగి భుజం దాకా చెయ్యి దించి అడుగు పొరలో గింజ పైకి తీశాడు. మంచి గింజ. ఒక్కటే వింతగా తోచింది: నెలల తరబడి మూసిన పాతర తెరిస్తే లోపలి ఆవిరి గుప్పున ముఖానికి కొడుతుంది, ఈ పాతర మాత్రం చల్లగా ఉంది. ఆ ఆలోచనలో చెయ్యి పైకి లాగుతుంటే మెడలోని రుద్రాక్షల పేరు మూత అంచుకు తగిలి తెగింది. అందరూ కలిసి ఏరి ఇచ్చారు. ఇంటికి వచ్చి గుచ్చుకుంటే అందులో ముఖం చిట్లిన రుద్రాక్ష ఒకటి తక్కువైంది. కొడుకు పుట్టిన నాడు శ్రీశైలం నుంచి తెచ్చుకున్నది అది. పోతే పోయిందిలే అనుకున్నాడు కాని మనసు చివుక్కుమంది.

పాతరలు నిండుగా ఉన్నాయని తానే స్వయంగా భటులకు చెప్పాడు. వాళ్లు నమ్మారు, ఎందుకంటే చెప్పింది దామయనాయకుడు. జావ మాత్రం ఇంకా పలచబడింది. "జాగ్రత్త కోసం సేనానీ" అన్నాడు మంత్రి. "వాన ఆలస్యమైతే?"

ఇంట్లో కామసానికి పాలు తగ్గాయి. బిడ్డ ఏడుపు మొదట్లో వీధి దాకా వినబడేది, తరువాత వాకిలి దాకా, ఆ తరువాత దగ్గర కూర్చుంటే తప్ప వినబడడం మానేసింది. ఆ చిన్న ఏడుపు వింటూ అరుగు మీద కూర్చోవడం దామయనాయకుడి వల్ల కాలేదు. మళ్లీ తనిఖీ అడిగాడు. మళ్లీ మంత్రి సంతోషించాడు. మళ్లీ ఓబయ తప్పెట మోగింది, ఈసారి పడమటి పాతరల పేరుతో.

పడమట కూడా అదే తడి అలుకు, అవే ముగ్గులు, అదే చల్లదనం, అంచు దాకా అదే ధాన్యం. దామయనాయకుడు భుజం దాకా చెయ్యి దించాడు. వేళ్ల మధ్యకు గింజలతో పాటు గరుకుగా ఏదో వచ్చింది. పిడికిలి విప్పలేదు. కొఠారు అధికారి వైపు చూసి, "బాగుంది" అని మాత్రం అని ఇంటికి నడిచాడు. పెరట్లోకి వెళ్లి పిడికిలి విప్పి చూస్తే ముఖం చిట్లిన రుద్రాక్ష.

కామసాని బిడ్డను భుజాన వేసుకుని వచ్చి మామగారి అరచేతిలోకి చూసింది. ఆమెకు ఆ గింజ తెలుసు.

"ఇది తూర్పున కదా పోయింది మామగారూ?"

"తూర్పునే పోయిందమ్మా. పడమట దొరికింది."

ఆమె బిడ్డ వీపు నిమురుతూ నిలబడింది.

"చుట్టాలు వస్తున్నారని ముందు కబురొస్తే ఏ ఇల్లాలైనా ఏం చేస్తుంది? పక్కింటి నుంచి నాలుగు గిన్నెలు అరువు తెచ్చి, ఇల్లు సర్ది, కలిగినవాళ్లలాగే కనబడుతుంది. మీరు రెండుసార్లూ చుట్టంలాగే వెళ్లారు మామగారూ."

అప్పుడు సంగతంతా అతనికి ఒక్కసారిగా కళ్లకు కట్టింది. తూర్పు పాతరలకూ పడమటి పాతరలకూ మధ్య కొండ కడుపులో పూర్వులు తొలిపించిన సొరంగం ఉంది. ఉన్న కాస్త ధాన్యాన్నీ కొఠారు మనుషులు ఆ సొరంగంలో ఉంచి, ఓబయ తప్పెట ఏ దిక్కు పేరు చెబితే ఆ దిక్కుకు మోస్తున్నారు. తాను వెళ్లి చూస్తున్నది రెండుసార్లూ ఒకే ధాన్యం. రెండో దిక్కున ఏముందో ఎవరూ చూడలేదు. తప్పెట మోగినన్నాళ్లూ ఎవరూ చూడబోరు కూడా. పైగా దాన్ని నిండుపాతర అని భటులకు చెప్పింది తానే. నన్ను నేనే దద్దమ్మను చేసుకున్నానే అని దామయనాయకుడు అరచేతిని గట్టిగా మూసుకున్నాడు.

రుద్రాక్ష చూపిస్తే? 'తమరు ఇవాళే ఇక్కడే జారవిడుచుకున్నారు సేనానీ' అంటాడు విద్దనమంత్రి, అదే మెత్తని గొంతుతో. కాదనడానికి సాక్ష్యం ఏది?

మర్నాడు కొలువులో దామయనాయకుడు రుద్రాక్ష ఊసెత్తకుండా ఒక్కటే కోరాడు.

"ప్రభూ, ఒక్కసారి చాటింపు లేకుండా పాతరలు చూడనివ్వండి. తాతగారి శాసనం ఇళ్ల గడపల కోసం పుట్టింది. పాతరకు గడప ఏది? అందులో నిద్రించే బాలింత ఎవరు?"

కేతభూపతి మంత్రి వైపు చూశాడు. విద్దనమంత్రి లేచి చేతులు జోడించాడు.

"గడప అంటే కొయ్యముక్క కాదు ప్రభూ, హద్దు. అధికారం చేతిలో ఉన్నవాడు ఇంతకు మించి రాకూడదని గీసిన గీత. ఇవాళ సేనాని పాతర మూత ఎత్తుతాడు. రేపు ఆకలిగొన్న భటుడు, మా సేనాని ఎత్తలేదా అని, ఊళ్లోని ప్రతి ఇంటి ఉట్టీ దింపుతాడు. అయినా ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు తనిఖీకి నేనెప్పుడైనా అడ్డు చెప్పానా? చెప్పి రమ్మంటున్నాను, అంతే. చెప్పకుండా రావాలనుకునేవాడి మనసులో ఏముందో ప్రభువులే ఆలోచించాలి."

ఎంత చక్కగా మాట్లాడాడో చూడండి. అందులో అబద్ధమని వేలు పెట్టి చూపగల మాట ఒక్కటీ లేదు.

"సేనానీ" అన్నాడు రాజు, బాధగా. "ఆ రాతి మీద చెయ్యి పెట్టి నేను ప్రమాణం చేశాను. నువ్వు అడిగితే ప్రాణం ఇస్తాను. ఇది మాత్రం అడగకు."

దామయనాయకుడు తలవంచి బయటికి వచ్చాడు. గోడకు అవతల ఉద్దండరాయడు, గోడకు ఇవతల ఒక రాతిపలక. ఈ రెండింటి మధ్యా ఊపిరాడడం లేదు అతనికి. ద్వారం తెరిచి పోరాడుదామంటే, పాతరలు నిండుగా ఉండగా తొందరెందుకని కొలువు అడ్డుపడుతుంది. ఖాళీగా ఉన్నాయని చెబుదామంటే చూడనివ్వరు. చూస్తామంటే ముందు తప్పెట మోగుతుంది. ఎటు తిరిగినా మొదలుపెట్టిన చోటికే వస్తున్నాడు. కోట తనను కాపాడుతున్నదో, పట్టి ఉంచుతున్నదో తెలియని స్థితి.

గోడ మీద ఆ పూట ఇద్దరు భటులు కళ్లు తిరిగి పడిపోయారు. ఇంట్లో బిడ్డ ఏడవడం మానేసింది, ఊరికే కళ్లు తెరుచుకుని చూస్తున్నది. దామయనాయకుడు ఆ కళ్లలోకి చూసి లేచాడు. పడమటి పాతరలకు మళ్లీ తనిఖీ చాటించమని ఓబయకు కబురు పంపాడు.

మిట్టమధ్యాహ్నం. ఎండకు కొండంతా కళ్లు మూసుకుంది. పడమటి వీధుల్లో ఓబయ తప్పెట మోగుతుండగా, దామయనాయకుడు తూర్పు పాతరల వైపు ఒంటరిగా నడిచాడు. వెంట వస్తామన్న భటులను ఆపేశాడు. శిక్షంటూ పడితే ఒక్కడికే పడాలి. అక్కడ కావలివాడు లేడు, ముగ్గు లేదు, అలుకు లేదు. బల్లెం కర్రను మూత కింద దూర్చి ఒంటి బలమంతా వేసి ఎత్తాడు. లోపల ఊక. చెయ్యి దించాడు. ఊక. పక్క పాతర తెరిచాడు. అందులో అదీ లేదు, అడుగున బండ కనబడుతున్నది. సొరంగం నోటి దగ్గర చెవి పెడితే లోపల బరువులు మోసుకుపోతున్న మనుషుల ఆయాసం, ఎవరో తొందరపెడుతున్న గొంతు వినబడ్డాయి.

పైకండువా పరిచి ఊకను మూట కట్టుకుని, దాన్ని భుజాన వేసుకుని, రాచవీధి నడిమధ్య నుంచి నడిచాడు సర్వసేనాని. అరుగుల మీద జనం లేచి నిలబడ్డారు. ఎదురుగా ఓబయ వస్తున్నాడు.

"వస్తున్నారహో! సేనానివారు పడమటి పాతరలు చూడ వస్తు..."

తూర్పు నుంచి వస్తున్న సేనానిని చూసి అతని గొంతు ఆగిపోయింది. పుల్ల గాలిలోనే నిలిచింది.

"అయ్యా, తమరు అటు నుంచి వస్తున్నారేంటి?"

"చూసి వస్తున్నాను ఓబయా."

"మరి నేను చాటిందీ?"

"నువ్వు చాటింది నాకు కాదు. మనందరం ఇన్నాళ్లూ దొంగకే చాటుతున్నాం."

ఓబయ పుల్లను నడుముకు దోపుకున్నాడు. తప్పెటను గుండెలకు ఆనించుకుని వెనకే నడిచాడు. అతని వెనక జనం నడిచారు.

కొలువులో దామయనాయకుడు మూట విప్పి ఊకను రాజు పాదాల ముందు గుమ్మరించాడు. గాలికి ఊక లేచి మంత్రి పట్టుశాలువా మీద పడింది.

"ప్రభూ, తూర్పు పాతరల ధాన్యం ఇదే. చాటింపు లేకుండా తెరిచాను. శాసనం మీరాను. శిక్షకు తల ఒగ్గుతాను. ముందు వచ్చి చూడండి."

రాజు చూశాడు. తాను స్వయంగా సొరంగంలో దిగి, చెమటలు కక్కుతూ బస్తాలు మోస్తున్న కొఠారు మనుషులను చూశాడు. తిరిగి వచ్చాక సింహాసనం ఎక్కలేదు. దాని మెట్టు మీద కూర్చుండిపోయాడు.

విద్దనమంత్రి బుకాయించలేదు. బుకాయించడానికి ఇక చోటు లేదని గ్రహించగల తెలివి ఆయనకుంది. గొంతు మాత్రం అప్పుడూ పెంచలేదు.

"అవును ప్రభూ. గత కోతల నాడే ధాన్యాన్ని కొండ దింపించాను. దిగువన ఉద్దండరాయని పొయ్యిల మీద ఉడుకుతున్నది మన ధాన్యమే. ఆకలి పట్టిన కోట తన తలుపు తానే తెరుస్తుంది. నెత్తురు పారకుండా రాజ్యం చేతులు మారుతుంది. కొత్త రాజు దగ్గర కూడా మంత్రి కావాలి కదా, ఆ మంత్రిని నేనే అవుదామనుకున్నాను. అందులో నా స్వార్థం లేదనను. కాని నేను చేసినవన్నీ తమ శాసనం చాటునే చేశాను. నన్ను ఏం చేసినా, ముందు శాసనం మీరినవాడిని శిక్షించాలి. తమరు ప్రమాణం చేసింది ఆ రాతి మీదే."

కొలువంతా భగ్గుమంది. గోడ మీద వాసన పట్టి వాదులాడుకున్న భటులు ముఖాలు తిప్పుకున్నారు. వాళ్లలో ఒకడు ఏడ్చేశాడు.

"ఆ రాతిని ఈ క్షణమే పగలగొట్టిస్తాను" అన్నాడు కేతభూపతి లేచి.

"వద్దు ప్రభూ" అన్నాడు దామయనాయకుడు. "మంత్రి దొంగ కావచ్చు, కాని గడప గురించి ఒక్క మాట నిజం చెప్పాడు. కోటంతా ఆకలితో ఉంది. మహారాజు తన శాసనం తానే పగలగొట్టాడని తెలిస్తే సాయంత్రానికల్లా ప్రతి ఇంటి తలుపూ పగులుతుంది. మీ తాతగారు ఏ బాలింత కోసం ఏడ్చారో, అలాంటి బాలింత మా ఇంట్లోనూ ఉంది. ఇళ్ల గడపల దగ్గర ఆ మాట అలాగే ఉండనివ్వండి. పాతరలకు మాత్రం వర్తించదని కింద చెక్కించండి. రేపటికి అది చాలు. నేను మీరింది మాత్రం నిన్నటి శాసనాన్ని. శిక్ష అమలు చేయండి, నన్ను ద్వారం వెలుపల విడవండి."

"నిన్ను ఆ బల్లేల మధ్యకు నా చేతులతో తోయమంటావా?"

"తోయండి. అయితే రెండు మనవులు." దామయనాయకుడు బురుజు ఉన్న దిక్కుకు తల తిప్పాడు. "నా కొడుకు పోయిన నాడు ద్వారానికి ముందు భేరి మోగింది. మనం ఎప్పుడు బయటికి వచ్చినా మన భేరే వాళ్లను లేపి నిలబెడుతున్నది. కొఠారులో దొంగకు తప్పెట ఎలాగో, కింద ఉద్దండరాయడికి మన భేరి అలాగే పని చేస్తున్నది. ఇంత చిన్న సంగతి నా బుర్రకు ఇన్నాళ్లూ తట్టలేదు, నా బిడ్డను పోగొట్టుకున్నాక కూడా తట్టలేదు. ఈసారి భేరి మోగించకండి. అది మొదటి మనవి. రెండోది, నన్ను విడిచాక తలుపు మూయడంలో కొంచెం ఆలస్యం చేయించండి."

రాజు అతని ముఖంలోకి చూశాడు. అర్థమైంది. అర్థమైనందుకు కళ్లు నిండాయి.

విద్దనమంత్రికి సంకెళ్లు వేశారు. పడమటి పాతరల్లో మిగిలిన ధాన్యమంతా పైకి తీయించి, ఏమీ దాచుకోకుండా వండించాడు రాజు. ఆ పూట నెమలికొండలో సేనాని మొదలు గుర్రాల కాపరి దాకా అందరూ కడుపునిండా తిన్నారు. రేపటి కోసం ఒక్క ముద్ద మిగల్చలేదు.

కామసాని మామగారికి స్వయంగా వడ్డించింది. ఏం జరగబోతున్నదో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

"ఇంకొంచెం పెట్టమంటారా?"

"చాలమ్మా. నువ్వు తిను. పిల్లవాడికి పాలు పడాలి." మెడలోంచి రుద్రాక్షల పేరు తీసి మనవడి పక్కన పెట్టాడు. "వీడికి మాటలొచ్చాక, మీ తాత రెండుసార్లు మోసపోయాడని దాచకుండా చెప్పు."

"మూడోసారి చూశాడని కూడా చెబుతాను మామగారూ" అంది ఆమె. అంతవరకూ ఆపుకున్న ఏడుపు అక్కడ ఆగలేదు.

మర్నాడు ఎండ నడినెత్తిన ఉండగా, కింద గుడారాల్లో భోజనాల వేళకు, మహాద్వారం తెరుచుకుంది. బురుజు మీద భేరి మూగగా ఉంది. రాచబాట మీద కవచం లేని ముసలివాడు ఒక్కడు, చేతిలో కత్తితో, నింపాదిగా దిగుతున్నాడు. కింద కావలి వాళ్లు చూసి నవ్వుకున్నారు. నెమలికొండలో ఎవరినో వెలివేసినట్టున్నారని ఒకడు విస్తరి ముందు నుంచి లేవకుండానే అన్నాడు. భేరి మోగలేదు కదా, ఇక భయమేముంది? ఇన్నాళ్లూ ఆ కొండ చెప్పే వచ్చింది.

తలుపు మూతపడడంలో ఆలస్యమైంది. ఆ ఆలస్యంలోంచి, గిట్టలకు గుడ్డలు కట్టిన గుర్రాలు, వాటి వెంట కాల్బలం, కేక లేకుండా, బాకా లేకుండా, కొండవాలు మీద ఏరులా జారాయి. ముసలివాడు పరుగు అందుకున్నాడు. శత్రువులు విస్తళ్లు వదిలి బల్లేలు వెతుక్కునేలోగా మొదటి వరస గుడారాలు నేలకూలాయి. ఉద్దండరాయని ధాన్యపు బండ్ల దగ్గర పోరు భీకరంగా సాగింది. అక్కడే, మారయ పడిపోయిన చోటికి ఎంతో దూరం లేని చోట, దామయనాయకుడి పక్కటెముకల్లో బల్లెం దిగింది. బండి చక్రానికి వీపు ఆనించి, కత్తి చేతిలోంచి జారకుండా, అతను చివరిదాకా చూస్తూనే ఉన్నాడు. ఉద్దండరాయడు ఏరు దాటి పారిపోవడం చూశాడు. తమ ధాన్యపు బస్తాలు మళ్లీ కొండ ఎక్కడం మొదలవడం చూశాడు. ఆ తరువాత చూడలేదు.

విద్దనమంత్రిని అదే ద్వారం వెలుపల విడిచారు. అతని వెంట మాత్రం చాటింపు వేయించాడు రాజు, ఏ ఊరి తలుపూ అతనికి తెరుచుకోకుండా దేశమంతా. రాతి మీద కొత్త మాట చెక్కించాడు: 'ఇది ఇళ్ల గడపలకే. రాచపాతరకు చాటింపు లేదు.' ఇవన్నీ తరువాతి సంగతులు.

ఆ సాయంత్రం దామయనాయకుడి దేహాన్ని బల్లేల మీద మోసుకుని రాచబాట ఎక్కుతుంటే, ద్వారం దగ్గర రాజు కాలినడకన వచ్చి నిలబడ్డాడు. అతని పక్కన బిడ్డను ఎత్తుకుని కామసాని. కడుపులో పాలు పడ్డ ఆ పసివాడు ఏడుస్తున్నాడు, ఆ ఏడుపు బాట కింది దాకా వినబడుతున్నది.

రాతినెమలి కింద ఓబయ తప్పెట పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరూ మోగించమనలేదు. ఎవరూ వద్దనలేదు. దేహం ద్వారం నీడలోకి వచ్చేసరికి అతని చెయ్యి అలవాటు కొద్దీ లేచింది.

"వస్తున్నా..." అన్నాడు. పుల్లను గాలిలోనే నిలిపాడు. మోస్తున్నవాళ్లు ఆగి, మళ్లీ నడిచారు. ఓబయ ఆగి, దేహం గడప దాటి పూర్తిగా లోపలికి వచ్చేదాకా ఎదురుచూశాడు. అప్పుడు తప్పెట మీద పుల్ల వేసి, కొండ నాలుగు చెరగులా వినబడేలా చాటాడు.

"వచ్చారహో! సేనానివారు వచ్చారహో!"